తాళం వేసిన ఇంట్లోని కంప్యూటర్‌ను దూరం నుంచి వాడుకోవడం: ప్రయాణానికి ముందు చేసుకోవలసిన ఏర్పాట్లు

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి నాలుగైదు నెలలు వెళ్లి రావడం తెలుగు ఇళ్లలో ఇప్పుడు మామూలు విషయం. వెళ్లేవారందరూ ఉద్యోగ విరమణ చేసినవారే కానక్కరలేదు. విజయవాడలోనో వరంగల్‌లోనో ఇంటి దగ్గరే కూర్చుని కొందరు వ్యాపారుల ట్యాలీ లెక్కలు రాసి, జీఎస్‌టీ రిటర్నులు దాఖలు చేసేవారు ఉంటారు. అను ఫాంట్లతో పుస్తకాలు, శుభలేఖలు తయారుచేసే డీటీపీ పనివారు ఉంటారు. వీరి పనంతా ఇంట్లోని ఒకే కంప్యూటర్ మీద సాగుతుంది. దాన్ని ల్యాప్‌టాప్‌లోకి మార్చుకుందామంటే లైసెన్సు దగ్గర పేచీ వస్తుంది, పాత ఫైళ్లు కొత్త చోట సరిగా తెరుచుకోవు. అటువంటివారు ఇంటి కంప్యూటర్‌ను ఉన్నచోటనే ఉంచి, దాని తెరను దూరం నుంచి చూస్తూ పని చేసుకోవడానికి కావలసిన ఏర్పాట్లను ఈ వ్యాసం వరుసగా వివరిస్తుంది.

సాఫ్ట్‌వేర్‌ను అమర్చుకోవడం అరగంట పని. అసలు చిక్కు అక్కడ లేదు. తాళం వేసి ఉన్న ఇంట్లో కరెంటు పోయి వచ్చిన తర్వాత, ఎవరూ బటన్ నొక్కకుండానే ఆ కంప్యూటర్ తిరిగి ఆన్ కావాలి, ఇంటర్నెట్‌కు కలవాలి, మీ పిలుపు కోసం సిద్ధంగా ఉండాలి. ఇది కుదరకపోతే ఎంత పేరున్న యాప్ అయినా మొదటి కరెంటు కోతతోనే పనికిరాకుండా పోతుంది. అందువల్ల యాప్‌ల కంటే కరెంటు గురించీ, ఫైబర్ పెట్టె గురించీ, రీస్టార్ట్ గురించీ ఇక్కడ ఎక్కువగా చెప్పవలసి వస్తోంది.

## ముందుగా, నిజంగా అవసరమేనా?

మీకు కావలసినవి కొన్ని పత్రాలు, ఫోటోలు మాత్రమే అయితే ఈ శ్రమ అంతా అక్కరలేదు. వాటిని గూగుల్ డ్రైవ్‌లోనో వన్‌డ్రైవ్‌లోనో పెట్టుకుని, ఒక నకలును పెన్‌డ్రైవ్‌లో తీసుకువెళ్లి, ఇంటి కంప్యూటర్‌ను నిశ్చింతగా ఆపేసి వెళ్లండి. ఆ కంప్యూటర్‌లోనే నడిచే ప్రోగ్రామ్ కావాలన్నా, దానికి గుచ్చి ఉన్న పరికరం కావాలన్నా మాత్రమే దాన్ని నెలల తరబడి ఆన్‌లో ఉంచడంలో అర్థం ఉంటుంది.

దీనికి అయ్యే ఖర్చును కూడా ముందే లెక్క వేసుకోవాలి. పని లేకుండా ఆన్‌లో ఉన్న మామూలు డెస్క్‌టాప్ 60 వాట్లు తీసుకుంటుందనుకుంటే, రోజుకు సుమారు 1.44 యూనిట్లు, నెలకు 43 యూనిట్లు కాలుతాయి. ఖాళీ ఇంటి బిల్లులో అది భరించగల మొత్తమే. ఇంట్లో మనుషులు ఉంటే మాత్రం ఈ అదనపు యూనిట్ల వల్ల స్లాబ్ మారే అవకాశాన్ని చూసుకోవాలి. మీ ప్రోగ్రామ్‌లు నడవగల పాత ల్యాప్‌టాప్ ఉంటే అది ఇంకా మేలు, ఎందుకంటే కరెంటు ఖర్చు తగ్గడమే కాక, దానిలోనే బ్యాటరీ ఉంటుంది.

ఆఫీసు వారు ఇచ్చిన కంప్యూటర్ అయితే వారి ఐటీ విభాగం రాతపూర్వక అనుమతి లేకుండా కింద చెప్పినవేవీ చేయవద్దు.

## బయటి నుంచి ఇంటికి దారి ఎందుకు దొరకదు

పాత పద్ధతిలో రౌటర్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్ చేసి (అంటే బయటి నుంచి వచ్చే పిలుపును ఇంట్లోని కంప్యూటర్‌కు మళ్లించి), బయటి నుంచి నేరుగా ఇంటి ఐపీ చిరునామాకు వచ్చేవారు. మన దగ్గర చాలా ఫైబర్ కనెక్షన్లలో అది ఇప్పుడు సాధ్యం కాదు. ఐపీవీ4 చిరునామాలు చాలక, కంపెనీలు ఒకే చిరునామాను అనేక ఇళ్లకు కలిపి వాడుతున్నాయి. దీన్ని సీజీన్యాట్ అంటారు. మీ కనెక్షన్ కూడా అటువంటిదేనా అని తెలుసుకోవడం తేలిక. రౌటర్ సెట్టింగ్స్ పేజీలో వాన్ ఐపీ అని కనబడే చిరునామాను, ఇంటర్నెట్‌లో 'నా ఐపీ ఏమిటి' అని వెతికితే వచ్చే చిరునామాతో పోల్చి చూడండి. రెండూ వేరైతే, మరీ ముఖ్యంగా రౌటర్‌లోనిది 10తో గానీ, 100.64 నుంచి 100.127 లోపు గానీ మొదలైతే, మీరు సీజీన్యాట్ వెనుక ఉన్నట్లే. వీటిలో 100.64 నుంచి 100.127 వరకు ఉన్నది ఈ పని కోసమే 2012లో కేటాయించిన చిరునామాల వరుస.

దారి ఉన్నవారికి కూడా నా సలహా ఒకటే: దూరం నుంచి తెరను చూపించడానికి విండోస్‌లోనే ఉన్న రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టును ఎన్నడూ ఇంటర్నెట్‌కు తెరవవద్దు. ఆ పోర్టు తెరిచి ఉన్న యంత్రాల కోసం దొంగ ప్రోగ్రామ్‌లు రాత్రింబవళ్లు వెతుకుతూనే ఉంటాయి. పాస్‌వర్డ్‌తో పని లేకుండానే లోపలికి చొరబడడానికి వీలిచ్చిన బ్లూకీప్ లోపం 2019 మే నెలలో బయటపడినప్పుడు, ఎప్పుడో మద్దతు ఆపేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ సవరణ విడుదల చేయవలసి వచ్చింది.

కాబట్టి ఇంటి కంప్యూటరే లోపలి నుంచి బయటికి కనెక్షన్ కలుపుకుని ఎదురుచూసే పద్ధతిని ఎంచుకోవాలి. ఇందులో ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు దారులు పెట్టుకోవడం మంచిది. మొదటి దారి టెయిల్‌స్కేల్ అనే ప్రైవేటు నెట్‌వర్క్ మీదుగా విండోస్ రిమోట్ డెస్క్‌టాప్, రెండవది క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్. ఒకటి మూసుకుపోయిన రోజున రెండోదానితో లోపలికి వెళ్లి మొదటిదాన్ని బాగుచేసుకోవచ్చు.

## మొదటి దారి: టెయిల్‌స్కేల్, రిమోట్ డెస్క్‌టాప్

విండోస్‌లోని రిమోట్ డెస్క్‌టాప్‌కు ఒక షరతు ఉంది. బయటి నుంచి వచ్చేవారిని లోపలికి అనుమతించే శక్తి ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లకే ఉంటుంది. హోమ్ ఎడిషన్ నుంచి వేరే కంప్యూటర్‌లోకి వెళ్లవచ్చు గానీ, హోమ్ ఎడిషన్ ఉన్న కంప్యూటర్‌లోకి ఈ పద్ధతిలో రాలేరు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, ఆపైన అబౌట్ తెరిస్తే మీది ఏ ఎడిషనో కనబడుతుంది. హోమ్ అయితే ప్రోకు మార్చుకోండి, లేదా ఈ మొదటి దారిని వదిలేసి, రెండవదానితో పాటు ఎనీడెస్క్ లేదా రస్ట్‌డెస్క్ వంటి రిమోట్ యాప్ మరొకటి పెట్టుకోండి. హోమ్ ఎడిషన్‌లోనే దొడ్డిదారిన దీన్ని తెరిపించే చిట్కాలు కనబడతాయి గానీ, ఒక అప్‌డేట్ రాగానే అవి పనిచేయడం మానేయవచ్చు. మనిషి లేని ఇంట్లో అటువంటిదాన్ని నమ్ముకోలేము. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక, ఆ యంత్రాన్ని నెలల తరబడి ఇంటర్నెట్‌కు కలిపి ఉంచే ముందు 11కు మార్చడం అవసరం.

ప్రో ఉన్నవారు సెట్టింగ్స్‌లో సిస్టమ్, తర్వాత రిమోట్ డెస్క్‌టాప్ తెరిచి దాన్ని ఆన్ చేయాలి. నెట్‌వర్క్ లెవెల్ అథెంటికేషన్ అనే గడిలో టిక్ ఉండనివ్వాలి. ఇక్కడ చాలామందిని తికమక పెట్టే విషయం ఒకటుంది. మీరు రోజూ నాలుగంకెల పిన్‌తోనో వేలిముద్రతోనో కంప్యూటర్‌ను తెరుస్తున్నా, రిమోట్ డెస్క్‌టాప్ ఆ పిన్‌ను అంగీకరించదు, మైక్రోసాఫ్ట్ అకౌంట్ అసలు పాస్‌వర్డ్‌నే అడుగుతుంది. ఏళ్ల తరబడి పిన్ మాత్రమే వాడిన కంప్యూటర్‌లో సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా తిరస్కరించడం కూడా కద్దు. దీనికి విరుగుడు ఏమిటంటే, సెట్టింగ్స్‌లోని అకౌంట్స్, సైన్ ఇన్ ఆప్షన్స్‌కు వెళ్లి, విండోస్ హలో సైన్ ఇన్ మాత్రమే అనుమతించాలన్న మీటను ఆఫ్ చేసి, లాగౌట్ అయి, ఇంటి దగ్గరే ఒకసారి పూర్తి పాస్‌వర్డ్‌తో లోపలికి రావాలి.

తరువాత టెయిల్‌స్కేల్. ఇది వైర్‌గార్డ్ అనే ప్రోటోకాల్ మీద నడిచే ప్రైవేటు నెట్‌వర్క్. వ్యక్తిగత వాడకానికి ఉచితం. ఇంటి కంప్యూటర్‌లోనూ, మీతో తీసుకువెళ్లే ల్యాప్‌టాప్‌లోనూ, ఫోన్‌లోనూ దీన్ని వేసి, ఒకే అకౌంట్‌తో లాగిన్ అయితే, అవి మూడూ ఎక్కడున్నా ఒకే గదిలో ఉన్నట్లు ఒకదానికొకటి కనబడతాయి. ఒక్కొక్కదానికి 100తో మొదలయ్యే స్థిరమైన చిరునామా వస్తుంది. ప్రయాణంలో ఉన్నప్పుడు మీ ల్యాప్‌టాప్‌లోని రిమోట్ డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌లో ఇంటి కంప్యూటర్ యొక్క ఆ చిరునామా ఇస్తే చాలు. ఫోన్ నుంచి, మ్యాక్ నుంచి వచ్చేవారికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే విండోస్ యాప్ ఉంది.

టెయిల్‌స్కేల్‌లో రెండు సెట్టింగ్‌లను మరిచిపోతే ప్రయాణం మధ్యలో దారి మూసుకుపోతుంది. ఇంటి కంప్యూటర్‌లో గడియారం పక్కనున్న దాని చిహ్నం మీద నొక్కి, ప్రిఫరెన్సెస్‌లో రన్ అన్‌అటెండెడ్ అన్నదానికి టిక్ పెట్టాలి. అది లేకపోతే కంప్యూటర్ రీస్టార్ట్ అయి లాగిన్ తెర దగ్గర ఆగినంతసేపూ టెయిల్‌స్కేల్ కలవదు. లాగిన్ కావడానికి మీరు అక్కడ ఉండరు. రెండవది, ఒక్కొక్క యంత్రానికి ఇచ్చిన తాళం మామూలుగా 180 రోజులకు కాలం చెల్లిపోయి, తిరిగి లాగిన్ కావాలని అడుగుతుంది. టెయిల్‌స్కేల్ వెబ్‌సైట్‌లోని మెషీన్స్ జాబితాలో ఇంటి కంప్యూటర్ ఎదురుగా ఉన్న మూడు చుక్కల మీద నొక్కి, డిసేబుల్ కీ ఎక్స్‌పైరీ ఎంచుకోవాలి. ఇది ఇంటి కంప్యూటర్‌కు మాత్రమే చేయండి. వెంట తీసుకువెళ్లే ల్యాప్‌టాప్, ఫోన్ పోయే ప్రమాదం ఉన్న వస్తువులు కనుక వాటికి గడువు ఉండడమే మంచిది.

## రెండవ దారి: క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్, డీఎస్‌సీ టోకెన్ సంగతి

ఇది విండోస్ ఏ ఎడిషన్‌లోనైనా పనిచేస్తుంది. ఇంటి కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి, గూగుల్ రిమోట్ డెస్క్‌టాప్ పేజీకి వెళ్లి, రిమోట్ యాక్సెస్‌ను అమర్చుకుని, కంప్యూటర్‌కు ఒక పేరు, కనీసం ఆరంకెల పిన్ ఇవ్వాలి. పుట్టిన తేదీ, వాహనం నంబరు వంటివి పిన్‌గా వద్దు. రీస్టార్ట్ తర్వాత ఎవరూ లాగిన్ కాకముందే ఇది తనంతట తాను సిద్ధమవుతుంది.

రెండు దారులకు మధ్య ఒక ముఖ్యమైన తేడా ఉంది. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌తో వెళ్లినప్పుడు ఇంట్లోని మానిటర్ మీద లాక్ తెర పడుతుంది, మీ పని అక్కడెవరికీ కనబడదు. క్రోమ్ పద్ధతిలో మీరు చూస్తున్నదే ఇంటి మానిటర్ మీద కూడా నడుస్తుంది. ఇంట్లో ఎవరైనా ఉంటే మానిటర్ ఆపేసి వెళ్లండి. కొన్ని కంప్యూటర్లు మానిటర్ ఆగిపోతే తెరను చిన్నదిగానో నల్లగానో చూపిస్తాయి. అప్పుడు హెచ్‌డీఎంఐ డమ్మీ ప్లగ్ అనే చిన్న పరికరాన్ని గుచ్చితే, మానిటర్ ఉన్నట్లే కంప్యూటర్ భావిస్తుంది.

ఈ తేడా వల్లనే డీఎస్‌సీ (డిజిటల్ సంతకం) టోకెన్‌ను ఇంటి కంప్యూటర్‌కే గుచ్చి వెళ్లేవారికి రెండవ దారి తప్పనిసరి అవుతుంది. కంపెనీ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) ఫారాలకు సంతకం చేసే యూఎస్‌బీ టోకెన్‌ను స్మార్ట్ కార్డుగా విండోస్ గుర్తిస్తుంది. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌లో ఉన్నంతసేపూ, స్మార్ట్ కార్డు అంటే మీ ఎదుట ఉన్న ల్యాప్‌టాప్‌కు గుచ్చినదే అని దాని లెక్క. ఇంట్లోని సీపీయూకు గుచ్చి ఉన్న టోకెన్ దానికి కనబడదు. టోకెన్ చెడిపోయిందనుకుని డ్రైవర్లు తీసి మళ్లీ వేసినా ఫలితం ఉండదు. క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్‌తో గానీ ఎనీడెస్క్‌తో గానీ వెళ్తే, మీరు ఇంటి కుర్చీలో కూర్చున్నట్లే కనుక అదే టోకెన్ కనబడుతుంది. అయితే టోకెన్‌ను నెలల తరబడి గుచ్చి ఉంచడమంటే కంప్యూటర్‌లోకి రాగలిగినవారికి మీ సంతకం అందుబాటులో ఉంచడమే. దాని పిన్‌ను కంప్యూటర్‌లో ఎక్కడా రాసిపెట్టవద్దు. వీలైతే టోకెన్‌ను వెంటే తీసుకువెళ్లి, అవసరమైనప్పుడు మీ ల్యాప్‌టాప్‌కు గుచ్చుకుని వాడండి.

మ్యాక్ ఉన్నవారికి సిస్టమ్ సెట్టింగ్స్‌లోని షేరింగ్ విభాగంలో స్క్రీన్ షేరింగ్ ఉంటుంది. దాన్ని టెయిల్‌స్కేల్ మీదుగా వాడుకోవచ్చు. డిస్క్‌కు తాళం వేసే ఫైల్‌వాల్ట్ ఆన్‌లో ఉన్న మ్యాక్ మాత్రం రీస్టార్ట్ అయ్యాక పాస్‌వర్డ్ కోసం మొదటి తెర దగ్గరే ఆగిపోతుంది. ఆ దశలో పైన చెప్పిన దారులేవీ తెరుచుకోవు కాబట్టి, ఇంటి తాళం చెవి ఉన్నవారి సహాయం కావాలి.

## కరెంటు పోయి వచ్చిన తరువాత

కరెంటు పోయింది, యూపీఎస్ పది నిమిషాలు ఆదుకుంది, ఆపైన కంప్యూటర్ ఆరిపోయింది, గంట తర్వాత కరెంటు వచ్చింది. మామూలుగా అయితే కంప్యూటర్ ఆరిపోయినట్లే ఉండిపోతుంది. ఎవరో వచ్చి బటన్ నొక్కాలి. ఈ ఒక్క అలవాటును మార్చే సెట్టింగ్ బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందే నడిచే ప్రోగ్రామ్‌లో, ఉంటుంది. కంప్యూటర్ ఆన్ చేసిన వెంటనే డిలీట్ లేదా ఎఫ్2 మీటను వరుసగా నొక్కితే బయోస్ తెరుచుకుంటుంది. పవర్ విభాగంలో రీస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్, ఆఫ్టర్ పవర్ ఫెయిల్యూర్, ఏసీ బ్యాక్ వంటి పేర్లలో ఏదో ఒకటి కనబడుతుంది. దాన్ని పవర్ ఆన్ లేదా ఆల్వేస్ ఆన్ అని మార్చి, సేవ్ చేయాలి. లాస్ట్ స్టేట్ అనే ఎంపిక కూడా ఉంటుంది గానీ, మన అవసరానికి అది చాలదు. మీరు పొరపాటున షట్‌డౌన్ చేస్తే ఆ తర్వాత కరెంటు పోయి వచ్చినా అది లేవదు.

యూపీఎస్ ఉన్నవారు మరొక సూక్ష్మాన్ని గమనించాలి. కొన్ని యూపీఎస్‌లు బ్యాటరీ తగ్గగానే యూఎస్‌బీ తీగ ద్వారా చెప్పి కంప్యూటర్‌ను పద్ధతిగా షట్‌డౌన్ చేయిస్తాయి. సరిగ్గా ఆ తర్వాత, యూపీఎస్ పూర్తిగా ఆరిపోకముందే కరెంటు వస్తే, సీపీయూకు కరెంటు అసలు పోనేలేదు కనుక బయోస్‌కు లేవవలసిన అవసరం కనబడదు. దీనికి నేను సూచించేది స్మార్ట్ ప్లగ్. వైఫైకి కలిసే ఈ ప్లగ్‌ను యూపీఎస్‌కూ సీపీయూకూ మధ్య పెట్టి, ఫోన్ నుంచి ఒకసారి ఆపి, పదిహేను సెకన్లు ఆగి, మళ్లీ ఆన్ చేస్తే కంప్యూటర్ లేస్తుంది. కంప్యూటర్ పూర్తిగా బిగుసుకుపోయినప్పుడు కూడా ఇదే ఆఖరి ఉపాయం. ట్యాలీ తెరిచి ఉండగా ఇలా చేస్తే లెక్కలు చెడిపోవచ్చు కాబట్టి ఆఖరిదిగానే ఉంచుకోవాలి. ప్లగ్‌ను గోడ సాకెట్‌కూ యూపీఎస్‌కూ మధ్య పెడితే ప్రయోజనం లేదు, ఎందుకంటే మీరు ఆపినప్పుడల్లా యూపీఎస్ తన బ్యాటరీతో కంప్యూటర్‌ను నడిపిస్తూనే ఉంటుంది.

ల్యాప్‌టాప్‌ను ఇంట్లో ఉంచి వెళ్లేవారు బ్యాటరీ ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉంటే దాన్ని వాడాలి. నెలల తరబడి నిండు ఛార్జితో ఉంచితే బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది. మూత వేసినా పని ఆగకుండా పవర్ ఆప్షన్స్‌లో డూ నథింగ్ అని పెట్టాలి.

ఒక ఇంటి మాట కూడా చెప్పాలి. ఊరికి వెళ్లేటప్పుడు మెయిన్ స్విచ్ కట్టేయడం మన పెద్దవారికి అలవాటు. తాళం వేసేముందు ఆఖరి నిమిషంలో చెయ్యి అలవాటుగా అటే పోతుంది. కంప్యూటర్, యూపీఎస్, ఫైబర్ పెట్టె ఉన్న సర్క్యూట్‌ను గుర్తుపట్టి, దాని ఎంసీబీ మీద కాగితం అతికించి, మిగిలినవాటిని మాత్రమే ఆపండి. ఉరుముల కాలంలో ఖాళీ ఇంట్లో పరికరాలు గుచ్చి ఉంటాయి కనుక సర్జ్ ప్రొటెక్టర్ అవసరం.

## నిద్ర, అప్‌డేట్లు

పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్‌ను నెవర్ అని మార్చండి, మానిటర్ ఆరిపోవడానికి మాత్రం ఐదు నిమిషాలు పెట్టుకోండి. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి, కరెంటు పొదుపు కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అన్న అర్థంలో ఉన్న టిక్ తీసేయండి. వేక్ ఆన్ లాన్ పద్ధతిలో నిద్రపోతున్న కంప్యూటర్‌ను దూరం నుంచి లేపవచ్చునని చదివి ఉంటారు. అది ఇంటి నెట్‌వర్క్ లోపల తిరిగే సంకేతం. బయటి నుంచి పంపాలంటే ఇంట్లో ఎప్పుడూ ఆన్‌లో ఉండే మరొక చిన్న యంత్రం కావాలి. రాస్ప్‌బెర్రీ పై వంటిది ఇప్పటికే ఉంటే సరే, ఇందుకోసమే కొనడం కంటే కంప్యూటర్‌ను మెలకువగా ఉంచడమే తేలిక.

అప్‌డేట్ల విషయంలో కాలమానం తేడా ఒక తమాషా చేస్తుంది. విండోస్ తన యాక్టివ్ అవర్స్ బయట, అంటే మీరు పని చేయరని అది అనుకునే రాత్రి వేళ, రీస్టార్ట్ అవుతుంది. వేసవి సమయం అమల్లో ఉన్నప్పుడు డాలస్‌లో ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకు అంటే మన దగ్గర రాత్రి 7.30 నుంచి తెల్లవారుజామున 3.30 వరకు. మీరు రిటర్ను నింపుతుండగానే కంప్యూటర్ రీస్టార్ట్ కావడానికి సరిగ్గా అనువైన వేళ అది. యాక్టివ్ అవర్స్‌ను గరిష్ఠంగా 18 గంటల వరకు పెట్టుకోవచ్చు కనుక సాయంత్రం 6 నుంచి మర్నాడు మధ్యాహ్నం 12 వరకు అని ఇవ్వండి. అప్‌డేట్లను ఐదు వారాల దాకా వాయిదా వేసే వీలున్నా, నెలల ప్రయాణానికి అది మంచిది కాదు. వెళ్లేముందు అన్నీ పూర్తిచేసి, ఆ తర్వాత వాటి మానాన వాటిని రానివ్వండి.

## ఫైబర్ పెట్టె, రీఛార్జి, తాళం చెవి

కంప్యూటర్ లేచినా రౌటర్ లేవకపోతే లాభం లేదు. ఫైబర్ పెట్టెకు, రౌటర్‌కు 12 వోల్టుల మినీ యూపీఎస్‌లు దొరుకుతాయి. చిన్న కోతలు వచ్చినప్పుడు నెట్ తెగకుండా అవి కాపాడతాయి. కంప్యూటర్‌ను వైఫైతో కాకుండా లాన్ కేబుల్‌తో కలపండి. ప్రీపెయిడ్ కనెక్షన్ అయితే మీరు తిరిగి వచ్చే తేదీ దాటేదాకా ముందే రీఛార్జి చేయించండి. కొందరు స్థానిక ఆపరేటర్ల కనెక్షన్‌లో నెట్ వచ్చినప్పుడల్లా ఒక వెబ్ పేజీలో యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇవ్వవలసి ఉంటుంది. అటువంటిదైతే ఆ లాగిన్‌ను రౌటర్‌లోనే పెట్టిపొమ్మని ఆపరేటర్‌ను అడగాలి.

తాళం చెవి ఒకరి దగ్గర ఉండాలి, ఫైబర్ పెట్టె మీద ఒక కాగితం అతికించి ఉండాలి. పాన్ (PON) అని రాసి ఉన్న దీపం కదలకుండా పచ్చగా వెలిగితే లైను బాగానే ఉంది. ఎల్‌ఓఎస్ (LOS) అన్నది ఎర్రగా మిణుకుమంటే బయట ఎక్కడో ఫైబర్ తెగింది, ఆపరేటర్‌కు ఫోన్ చేయడం తప్ప ఇంట్లో చేయగలిగింది ఏమీ లేదు. పక్కింటివారికి ఫోన్ చేసి 'అన్నయ్యా, కంప్యూటర్ పనిచేయడం లేదు, కాస్త చూస్తారా' అంటే వారికి ఏం చేయాలో తోచదు. 'అన్నయ్యా, ఆ తెల్ల పెట్టె మీద ఎర్ర లైటు ఉందా? లేకపోతే దాని స్విచ్ ఒకసారి ఆపి, నిమిషం ఆగి వేయండి' అంటే పని జరుగుతుంది.

## ఓటీపీలు, అకౌంట్లు

దేశం దాటగానే గూగుల్, మైక్రోసాఫ్ట్ రెండూ మిమ్మల్ని కొత్త మనిషిలా చూసి, అదనపు నిర్ధారణ అడుగుతాయి. ఆ ఓటీపీ రోమింగ్ లేని మీ భారతీయ సిమ్‌కు వెళ్తే అక్కడితో ఆగిపోతుంది. వెళ్లేముందే ఈ అకౌంట్లకు ఆథెంటికేటర్ యాప్‌ను కలపండి. గూగుల్ ఇచ్చే పది బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాసి, పాస్‌పోర్టుతో కాకుండా వేరే చోట పెట్టుకోండి. జీఎస్‌టీ, బ్యాంకు ఓటీపీలకు ఆ సిమ్ ఎలాగూ బతికి ఉండాలి కనుక, ఎస్సెమ్మెస్‌లు అందే రోమింగ్‌ను బయలుదేరకముందే తెరిపించుకోండి. చైనా వెళ్లేవారికి అక్కడ గూగుల్ సేవలు అందవు కాబట్టి క్రోమ్ దారి పనిచేయదని గుర్తుంచుకోవాలి.

ఇవే యాప్‌లు మోసగాళ్ల చేతిలో కూడా ఉన్నాయి. ఎనీడెస్క్‌ను వేయించుకుని ఖాతాలు ఖాళీ చేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. కరెంటు బిల్లు కట్టలేదనో, కేవైసీ ఆగిందనో చెప్పి ఇటువంటి యాప్ వేయమనేవారు ఎవరైనా సరే, ఫోన్ పెట్టేయడమే. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. మీరు దూరంగా ఉన్నప్పుడు ఇంట్లో ఉండే పెద్దవారికి ఈ సంగతి విడిగా చెప్పండి. మీరే ఏదో యాప్ వేశారని తెలిసి ఉండడం వల్ల వారు అటువంటి ఫోన్‌ను తేలికగా నమ్మే అవకాశం ఉంది.

## బయలుదేరేముందు పరీక్ష

ప్రయాణానికి కనీసం వారం ముందు ఏర్పాట్లన్నీ పూర్తికావాలి. ల్యాప్‌టాప్‌ను ఇంటి వైఫై నుంచి తీసేసి, ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి, రెండు దారుల్లోనూ లోపలికి వెళ్లి చూడండి. ఇంటి వైఫై మీద చేసిన పరీక్ష పరీక్షే కాదు. లోపలికి వెళ్లాక రిమోట్‌గానే రీస్టార్ట్ నొక్కి, ఐదు నిమిషాల తర్వాత మళ్లీ రెండు దారులూ తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. తర్వాత ప్రోగ్రామ్‌లన్నీ మూసి, మెయిన్ స్విచ్ ఆపి, యూపీఎస్ బ్యాటరీ అయిపోయేదాకా వేచి ఉండి, తిరిగి వేయండి. ఏ బటన్‌నూ తాకవద్దు. రౌటర్ దీపాలు వెలగడానికి, విండోస్ లాగిన్ తెర రావడానికి, టెయిల్‌స్కేల్ కలవడానికి నాలుగైదు నిమిషాలు పట్టవచ్చు. ఆ తర్వాత హాట్‌స్పాట్ నుంచి లోపలికి వెళ్లగలిగితే మీ ఏర్పాటు సిద్ధమైనట్లే. వెళ్లలేకపోతే ఎక్కడ ఆగిందో మానిటర్ పెట్టుకుని చూడండి. విండోస్‌లో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్‌కు మొదట్లోనే పిన్ అడిగే ఏర్పాటు ఉంటే అక్కడ ఆగుతుంది. కీబోర్డు లేదని ఆగే పాత బయోస్‌లు కూడా ఉన్నాయి.

వెళ్లేముందు ట్యాలీ డేటాను, ముఖ్యమైన ఫైళ్లను బయటి హార్డ్‌డిస్క్‌లోకి ఒకసారి, క్లౌడ్‌లోకి ఒకసారి నకలు తీసుకోండి. ఎన్ని ఏర్పాట్లు చేసినా హార్డ్‌డిస్క్ చెడిపోతే దూరం నుంచి చేయగలిగింది ఏమీ ఉండదు.

## దూరం నుంచి పని చేసేటప్పుడు

హైదరాబాద్ నుంచి న్యూయార్క్ సుమారు 13 వేల కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది కనుక, పోయి రావడానికే సెకనులో ఎనిమిదో వంతు కావాలి. నిజానికి తీగలు తిన్నగా ఉండవు కాబట్టి ఇంకా ఎక్కువే పడుతుంది. మౌస్ కదిపిన కాసేపటికి బాణం కదలడం ఏ ప్లాన్ కొన్నా పోయే జబ్బు కాదు. దానికి అలవాటు పడి మౌస్ తగ్గించి, కీబోర్డు షార్ట్‌కట్‌లు ఎక్కువగా వాడడమే మార్గం. ట్యాలీ ఎలాగూ కీబోర్డు మీదే నడుస్తుంది కాబట్టి అంత ఇబ్బంది అనిపించదు, పేజ్‌మేకర్‌లో బొమ్మలు జరిపేవారికే విసుగు. తెర మీద వాల్‌పేపర్ తీసేసి, రిజల్యూషన్ తగ్గిస్తే కొంత మెరుగవుతుంది.

తెలుగు టైపు చేసేవారు కీబోర్డు లేఅవుట్‌ను ఒకవైపే మార్చాలి. ఇంటి కంప్యూటర్‌లో అను గానీ ఇన్‌స్క్రిప్ట్ గానీ ఆన్ చేసి, చేతిలోని ల్యాప్‌టాప్‌ను ఇంగ్లీషులోనే ఉంచండి. రెండుచోట్లా తెలుగు పెడితే అక్షరాలు కలగాపులగమవుతాయి.

పని అయ్యాక షట్‌డౌన్ కాకుండా డిస్‌కనెక్ట్ ఎంచుకోవాలి, అంతకు ముందే ట్యాలీని మూసేయాలి. దూరంగా ఉన్నన్నాళ్లూ ఇంటి కంప్యూటర్‌లో నెట్‌వర్క్ డ్రైవర్, ఫైర్‌వాల్, బయోస్, రౌటర్ సెట్టింగ్‌ల జోలికి పోవద్దు, మరో వీపీఎన్ వేయవద్దు. అలా చేయడం కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే. హోటళ్లలో, లైబ్రరీల్లో ఉండే అందరి కంప్యూటర్ల నుంచి ఎంత అవసరమైనా లాగిన్ కావద్దు. నెలవారీగా దాఖలు చేసేవారికి జీఎస్‌టీఆర్-1కు 11వ తేదీ, 3బీకి 20వ తేదీ ఇప్పటికీ భారత కాలమానం ప్రకారమే వస్తాయి, అమెరికాలో 20 మధ్యాహ్నానికే ఇక్కడ 21 మొదలవుతుంది. గడువుకు రెండు రోజుల ముందే లోపలికి వెళ్లి చూసుకుంటే, ఫైబర్ తెగినా బాగుచేయించే వ్యవధి ఉంటుంది.

వెంట తీసుకువెళ్లిన ఫోన్ గానీ ల్యాప్‌టాప్ గానీ పోతే, మొదట టెయిల్‌స్కేల్ వెబ్‌సైట్‌లో ఆ పరికరాన్ని జాబితా నుంచి తొలగించి, తర్వాత గూగుల్ అకౌంట్‌లోని పరికరాల పేజీ నుంచి సైన్ అవుట్ చేసి, పాస్‌వర్డ్‌లు మార్చండి.

ఇంటికి తిరిగి వచ్చిన తరువాత రిమోట్ డెస్క్‌టాప్‌ను ఆఫ్ చేసి, క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ జాబితా నుంచి ఆ కంప్యూటర్‌ను తీసేయండి. కీ ఎక్స్‌పైరీని మళ్లీ ఆన్ చేయండి. స్లీప్‌ను, యాక్టివ్ అవర్స్‌ను మామూలు స్థితికి తీసుకురండి. బయోస్‌లోని పవర్ ఆన్ సెట్టింగ్‌ను మార్చడం చాలామంది మరిచిపోతారు, ఆపైన కరెంటు వచ్చినప్పుడల్లా అర్ధరాత్రి కంప్యూటర్ ఎందుకు లేస్తోందో అర్థం కాక మెకానిక్‌ను పిలుస్తారు.